గొలుసు లేని రోలర్ బ్లైండ్: పైపులోని స్ప్రింగ్ మీద ఒక సమీక్ష

కర్టెన్ షాపులో రోలర్ బ్లైండ్, అంటే కిటికీ పైన పైపుకు చుట్టుకునే గుడ్డ తెర, అడగ్గానే గుడ్డ శాంపిళ్ల పుస్తకం ముందు పెడతారు. రంగు నచ్చిందా, ఎండను ఎంత ఆపుతుంది, చదరపు అడుగు ఎంత, ఈ మూడు ప్రశ్నలతో బేరం తేలిపోతుంది. పైన పైపులో ఉండే స్ప్రింగ్ గురించి అడిగేవాళ్లు అరుదు. రోజూ పొద్దునా సాయంత్రం మన చేయి పని చేసేది మాత్రం ఆ స్ప్రింగ్‌తోనే. గుడ్డ ఎంత ఖరీదైనదైనా, దాని బరువుకు స్ప్రింగ్ సరిపోకపోతే బ్లైండ్ సగం దాకా లేచి ఆగిపోతుంది. లేదంటే చేతిలోంచి జారి పైకి దూసుకెళ్లి, కింది పట్టీ ఠపీమని బ్రాకెట్‌కు కొట్టుకుంటుంది. ఈ సమీక్ష గుడ్డ గురించి కాదు, ఆ మెకానిజం గురించి.

ఇక్కడ చూస్తున్నది 32 మి.మీ. అల్యూమినియం పైపు, లోపల స్ప్రింగ్, పళ్ల తాళం ఉన్న మామూలు రకం. పట్టీ పట్టుకుని కిందికి లాగితే దిగుతుంది, వదిలిన చోట నిలబడుతుంది. మళ్లీ కొంచెం కిందికి గుంజి వదిలితే పైకి చుట్టుకుంటుంది. గొలుసు ఉండదు, తాడు ఉండదు. దీనికి పోటీగా షాపులో కనిపించేవి రెండు: పూసల గొలుసు తిప్పి నడిపే రకం, స్ప్రింగే ఉన్నా మెల్లగా పైకి వెళ్లేలా లోపల డ్యాంపర్ పెట్టిన రకం.

మా తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు దాటని కిటికీకి, ముఖ్యంగా చిన్నపిల్లలు ఉన్న ఇంటికి, గొలుసు రకం కంటే స్ప్రింగ్ రకమే మేలు. డబ్బు కొంచెం ఎక్కువైనా డ్యాంపర్ ఉన్నది తీసుకోవాలి. 5 అడుగుల వెడల్పు దాటిన హాలు కిటికీకి, బాల్కనీ స్లైడింగ్ డోర్‌కు ఈ రకం వద్దు.

లోపల ఏం జరుగుతోంది

పైపు రెండు చివర్లనూ గమనిస్తే తేడా కనబడుతుంది. ఒక చివర గుండ్రటి పిన్ను, రెండో చివర చపటా పిన్ను. గుండ్రటి పిన్ను బ్రాకెట్ రంధ్రంలో కూర్చుని పైపుతో పాటు తిరుగుతుంది. చపటా పిన్ను మాత్రం బ్రాకెట్ గాడిలో బిగుసుకుని కదలకుండా ఉంటుంది. ఆ పిన్నుకు పైపు లోపల ఒక కడ్డీ అతికి ఉంటుంది. కడ్డీ చుట్టూ పొడవాటి స్ప్రింగ్. స్ప్రింగ్ ఒక కొస కదలని కడ్డీకి, రెండో కొస తిరిగే పైపుకు. గుడ్డను కిందికి లాగితే పైపు తిరుగుతుంది, కడ్డీ తిరగదు, మధ్యలో స్ప్రింగ్ బిగుసుకుంటుంది. బ్లైండ్‌ను పైకి లేపడానికి కావలసిన శక్తిని అలా దించేటప్పుడు మన చేత్తో మనమే అందులో నింపుతున్నాం.

తాళం చపటా పిన్ను పక్కనే ఉంటుంది. కదలని కడ్డీ మీద గాట్లు, పైపు చివర చిన్న నాలుకలు. లాగుతున్నంతసేపూ నాలుకలు గాట్ల వాలు మీదుగా టక్ టక్ అని జారిపోతాయి. వదిలినప్పుడు పైపు వెనక్కి తిరగబోతుంది. అప్పుడు పైన ఉన్న నాలుక తన బరువుకు తానే గాటులో పడి ఆపేస్తుంది. మళ్లీ కొంచెం గుంజితే నాలుక గాటులోంచి బయటికొస్తుంది. వెంటనే వదిలితే పైపు వేగంగా తిరిగి, ఆ వేగానికి నాలుకలు బయటివైపు విసిరేసినట్టు ఉండిపోతాయి, గాటులో పడవు. బ్లైండ్ పైదాకా వెళ్లిపోతుంది. మధ్యలో ఎక్కడైనా ఆపాలంటే చేత్తో పట్టీని నెమ్మదింపజేయాలి. వేగం తగ్గగానే నాలుక పడుతుంది.

ఈ ఆలోచన 1864 నాటిది. అమెరికాకు చెందిన స్టువర్ట్ హార్ట్‌షోర్న్ ఆ ఏడాది దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు కిటికీ తెరలను తాడుతో లాగి మేకుకు కట్టేవారు. ఈ రోలర్ల మీద సంపాదించిన డబ్బుతోనే ఆయన 1877లో న్యూజెర్సీలో భూములు కొని షార్ట్ హిల్స్ అనే ఊరు కట్టించాడు. అదే రాష్ట్రంలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఆ ఊరి పేరు కొత్త కాదు. చెక్క రోలర్ పోయి అల్యూమినియం వచ్చింది, ఇత్తడి, ఇనప నాలుకల స్థానంలో నైలాన్ వచ్చింది. భూమి ఆకర్షణ, తిరిగే వేగం, ఈ రెంటినే నమ్ముకుని నడిచే తాళం సూత్రం మాత్రం అదే. స్కూళ్లలో చేత్తో లాగే ప్రొజెక్టర్ స్క్రీన్లలోనూ లోపల ఉండేది ఈ కుటుంబపు స్ప్రింగే.

స్ప్రింగ్‌కూ బరువుకూ పొత్తు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. లెక్క వేసి చూపిస్తే అర్థమవుతుంది. 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల పొడవు బ్లైండ్ అనుకుందాం. గుడ్డ చదరపు మీటరుకు 400 గ్రాములు, మందం 0.4 మి.మీ. గుడ్డ మొత్తం 720 గ్రాములు. కింది పట్టీ 300 గ్రాములు. పూర్తిగా దించినప్పుడు పైపు మీద వేలాడే బరువు కిలో పైచిలుకు, పైపు మధ్య నుంచి దూరం 1.6 సెం.మీ. రెంటినీ హెచ్చిస్తే స్ప్రింగ్ మోయాల్సిన తిప్పుడు బలం సుమారు 1.6 కిలో-సెంటీమీటర్లు. పూర్తిగా పైకి చుట్టేశాక వేలాడేది పట్టీ ఒక్కటే, 300 గ్రాములు. గుడ్డ చుట్టుకుని చుట్ట లావెక్కింది కాబట్టి దూరం 2.1 సెం.మీ. కావలసిన బలం 0.6 మాత్రమే.

పైనుంచి కిందికి ఈ బ్లైండ్ సుమారు 13 చుట్లు తిరుగుతుంది. 13 చుట్లలో బలం 0.6 నుంచి 1.6కు పెరగాలి. స్ప్రింగ్ కూడా బిగిసేకొద్దీ బలం పెంచుకుంటూ పోయేదే కాబట్టి రెండూ చక్కగా కలుస్తాయి. అయితే పైన చుట్టేసి ఉన్నప్పుడు కూడా స్ప్రింగ్‌లో ఆ 0.6 బలం మిగిలి ఉండాలి. 13 చుట్లకు 1.0 పెరగాలంటే ఈ స్ప్రింగ్ చుట్టుకు 0.077 చొప్పున బిగుస్తుంది గనక, బ్రాకెట్‌లో పెట్టేముందే దాన్ని 8 చుట్లు తిప్పి ఉంచాలి. రాపిడికి ఇంకో ఒకటి రెండు కలుపుకోండి. దీన్నే ముందు బిగింపు అంటాం. గుడ్డ మారినా, పట్టీ మారినా, కిటికీ ఎత్తు మారినా ఈ అంకె మారుతుంది. మంచి కంపెనీ స్ప్రింగ్ మీద ఎన్ని చుట్లు బిగించాలో స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ లేకపోతే అమ్మేవాణ్ణి అడగండి. అతనికీ తెలియకపోతే ఇంకో షాపు చూసుకోవడం నయం.

దీని వల్లే మరో మాట చెప్పాల్సి వస్తోంది. మూడు నాలుగేళ్లకు గుడ్డ మాసిపోయిందని పాత పైపుకే కొత్త గుడ్డ వేయిస్తుంటారు. పల్చటి సన్‌స్క్రీన్ గుడ్డ ఉన్న చోట, వెలుతురును పూర్తిగా ఆపే బరువైన బ్లాకవుట్ గుడ్డ వేయిస్తే స్ప్రింగ్ చాలదు. ముందు బిగింపు పెంచి సరిపెడతామంటారు, కొంతవరకు సరిపోతుంది కూడా. కానీ పరిమితి దాటి బిగిస్తే స్ప్రింగ్ చుట్లు లోపల ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, పైపు గోడకు రాసుకుని గరగరలాడతాయి. చివరికి కొక్కెం దగ్గర తెగుతుంది. గుడ్డ మారిస్తే స్ప్రింగ్ యూనిట్ కూడా చూపించి, బరువుకు తగ్గది వేయించుకోవాలి.

షాపులో చేయాల్సిన పరీక్ష

డిస్‌ప్లేలో ఉన్న బ్లైండ్‌ను పట్టీ మధ్యలో పట్టుకుని పూర్తిగా దించండి. దిగేటప్పుడు చేతికి తెలిసే బరువు మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు ఒకేలా ఉండాలి. కింద ఒక్కసారిగా బరువెక్కితే స్ప్రింగ్ చిన్నది, లేదా ఎక్కువ బిగించారు. తర్వాత అంగుళం గుంజి వదలండి. డ్యాంపర్ లేని రకం అయినా చివరి జానెడు దూరంలో వేగం కాస్త తగ్గాలి. అదే వేగంతో వెళ్లి కొట్టుకుంటే ముందు బిగింపు ఎక్కువైనట్టు. ఆగిపోయి జానెడు వేలాడుతూ ఉండిపోతే తక్కువైనట్టు. ఆ తర్వాత నాలుగైదు ఎత్తుల్లో ఆపి చూడండి. నాలుక ప్రతిసారీ పట్టుకోవాలి. వదిలాక పట్టీ మళ్లీ పైకి కొంచెం జరిగి ఆగుతుంది, అది లోపం కాదు. పైపు చుట్టుకొలత 10 సెం.మీ., తాళం అరచుట్టుకు ఒకసారి పడేదైతే 5 సెం.మీ. దాకా జరుగుతుంది. గాట్లు ఎక్కువ ఉన్న తాళమైతే తక్కువ జరుగుతుంది. ఎండ సరిగ్గా బల్ల అంచు దాకా రావాలి అని కచ్చితంగా చూసుకునేవాళ్లకు ఈ జరుగుడు నచ్చదు. వాళ్లకు గొలుసు రకమే మంచిది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది.

చెవి పెట్టి వినండి కూడా. లోపలి స్ప్రింగ్ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే శబ్దం మెత్తగా ఉంటుంది. తొడుగు లేకపోతే పైకి వెళ్తున్నప్పుడు రేకు డబ్బాలో గొలుసు దొర్లినట్టు మోగుతుంది. పసిపిల్లలు నిద్రపోయే గదికి తొడుగు ఉన్నదే ఎంచుకోవాలి.

పిన్నులు, బ్రాకెట్లు కూడా చేత్తో పట్టుకుని చూడాలి. చపటా పిన్ను ఉక్కుది కావాలి. బ్రాకెట్ గాడిలో అది వదులుగా ఆడితే గాడి క్రమంగా అరిగి, ఒకరోజు పిన్ను గిర్రున తిరిగి బిగింపంతా పోతుంది. పలచటి ప్లాస్టిక్ బ్రాకెట్ ఎంత చవకైనా వద్దు. గాడి చుట్టూ రేకు ఉన్నదైనా ఉండాలి.

కొలతలు

బ్లైండ్ కిటికీ గూటి లోపల పెట్టాలా, గోడ మీద బయట పెట్టాలా అన్నది ముందు తేల్చుకోవాలి. మన ఇళ్లలో కిటికీ గ్రిల్ గోడ మందంలో ఎక్కడో మధ్యలో ఉంటుంది, దానికి తోడు దోమల మెష్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పైన లెక్కలోని బ్లైండ్ చుట్టేస్తే 4.2 సెం.మీ. లావుంటుంది, బ్రాకెట్‌తో కలిపి 6.5 సెం.మీ. లోతు కావాలి. మెష్ తలుపు గొళ్లెం, సిట్కినీ దీనికి తగలకుండా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి. తగిలితే బయట పెట్టించండి.

లోపల పెట్టేటట్టయితే వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల మిల్లీమీటర్లలో కొలిచి చిన్న అంకె రాయండి. ప్లాస్టరింగ్‌లో అర అంగుళం తేడా మామూలే. ఆ అంకెలోంచి మీరేమీ తీసేయొద్దు. బ్రాకెట్ల కోసం తగ్గించేది తయారుచేసేవాళ్లు. ఇద్దరూ తగ్గిస్తే గుడ్డ పక్కన రెండు వేళ్ల సందు మిగిలిపోతుంది. ఆర్డర్ ఫారం మీద 'ఇది గూడు కొలత' అని రాయించండి. లోపల పెడితే గుడ్డకు రెండు పక్కలా 15 నుంచి 20 మి.మీ. వెలుతురు సందు తప్పదు, ఎందుకంటే పిన్నులూ బ్రాకెట్లూ ఆ చోటు తీసుకుంటాయి. పగలు నిద్రపోవాల్సిన నైట్ డ్యూటీ మనుషుల గదికి బ్లాకవుట్ గుడ్డ కొని గూటి లోపల పెడితే డబ్బు వృథా. గోడ మీద పెట్టి, రెండు పక్కలా మూడేసి అంగుళాలు ఎక్కువ తీసుకోవాలి.

పొడవు విషయంలో అదనంగా 25 నుంచి 30 సెం.మీ. గుడ్డ అడగండి. పూర్తిగా దించినా పైపు మీద కనీసం రెండు చుట్లు మిగలాలి. చుట్లు మిగలకపోతే బరువంతా గుడ్డను పైపుకు అంటించిన టేపు మీద పడుతుంది. మే నెల వేడికి ఆ జిగురు మెత్తబడి గుడ్డ ఊడి పడుతుంది. పడమటి కిటికీల్లో ఇది చాలా ఎక్కువగా జరిగే లోపం, పైగా నేరం స్ప్రింగ్ మీదికి పోతుంది.

పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించితే గుడ్డ నిటారుగా చుట్టుకోదు. బాత్రూం పక్కన ఉండే సన్నటి నిలువు కిటికీలకు ఇది గుర్తుంచుకోవాలి.

బిగించడం

కిటికీ పైన కాంక్రీట్ లింటెల్ ఉంటుంది. మామూలు డ్రిల్ దిగదు, హ్యామర్ డ్రిల్, 6 మి.మీ. బిట్, 40 మి.మీ. లోతు. లోపల ఇనుము తగిలితే బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరగాలి. పీవోపీ లేదా జిప్సం సీలింగ్ అంచుకు బ్రాకెట్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. గొలుసు రకానికైనా అది తప్పే. స్ప్రింగ్ రకానికి ఇంకా తప్పు, ఎందుకంటే ఇక్కడ రోజూ కిందికి గుంజుడు ఉంటుంది.

రెండు బ్రాకెట్లు ఒకే మట్టంలో ఉండాలి. కిటికీ అంచు చూసి మార్క్ చేస్తారు చాలామంది. ఆ అంచే వాలుగా ఉండొచ్చు. రసమట్టం పెట్టి చూడాలి. మట్టం తప్పితే గుడ్డ నిటారుగా వేలాడుతుంది, పైపు వాలుగా ఉంటుంది, దాంతో ప్రతి చుట్టూ పల్లం వైపు కొంచెం కొంచెం జరుగుతూ పోయి గుడ్డ అంచు బ్రాకెట్‌కు రాసుకుని పీచులు లేస్తుంది.

ఏ పక్క చపటా పిన్ను వస్తుందో బిగించేవాడు సరిగా చూసుకోవాలి. స్ప్రింగ్‌కు ఎడమ కుడి ఉంటాయి. గుడ్డ పైపు వెనకనుంచి, అంటే అద్దం వైపునుంచి దిగాల్సిన బ్లైండ్‌ను తిప్పిపెట్టి గదివైపునుంచి దించాలంటే చపటా పిన్ను అవతలి పక్కకు వెళుతుంది, దానితో పాటు బ్రాకెట్లు కూడా మారాలి. గొళ్లెం అడ్డొస్తోందని గుడ్డను ముందునుంచి దించమని చివరి నిమిషంలో అడిగినప్పుడు తికమక పడేది ఇక్కడే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పేయాలి.

మొరాయించినప్పుడు

ఈ మెకానిజంలో నాకు బాగా నచ్చే విషయం, చాలా లోపాలు స్క్రూడ్రైవర్ కూడా లేకుండా ఇంట్లోనే సరిచేసుకోగలగడం. పైకి పూర్తిగా వెళ్లడం లేదంటే బిగింపు తగ్గింది. బ్లైండ్‌ను రెండడుగులు కిందికి లాగి, తాళం పడనివ్వండి. చపటా పిన్ను ఉన్న పక్కను బ్రాకెట్ గాడిలోంచి పైకి ఎత్తి తీయండి. గుడ్డను చేత్తో పైపు మీద నీటుగా చుట్టేసి మళ్లీ గాడిలో కూర్చోబెట్టండి. పట్టిన తాళమే స్ప్రింగ్‌ను విప్పుకోకుండా ఆపుతుంది కాబట్టి ఆ రెండడుగుల బిగింపు, అంటే దాదాపు ఐదు చుట్లు, అదనంగా చేరింది. చాలకపోతే ఇంకోసారి, ఈసారి ఒక అడుగే.

అతిగా దూసుకెళ్తుంటే ఎదురు పని. బ్లైండ్ పైన ఉండగా తీసి, చేత్తో ఒక అడుగు గుడ్డ విప్పి, అలాగే గాడిలో పెట్టి, గుంజి వదలాలి.

ఈ రెండు పనుల్లోనూ చపటా పిన్నును వేళ్ల మధ్య వదులుగా పట్టుకోవద్దు. తాళం జారితే అది గిర్రున తిరిగి చర్మం చీరుతుంది. కటింగ్ ప్లయర్‌తో పట్టుకోవడం మంచిది. బిగింపు మొత్తం పోయిన పైపును కూడా ఇదే ప్లయర్‌తో, స్ప్రింగ్ ఎదురుతిరిగే దిక్కున, చుట్లు లెక్కపెడుతూ తిప్పి తాళంలో పడేలా నెమ్మదిగా వదలాలి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపించి చేయాల్సిన పని ఇది.

ఎక్కడా ఆగకుండా చేయి వదలగానే పైకి పోతోందంటే నాలుక పడటం లేదు. నూటికి ఎక్కువ పాళ్లు దీనికి కారణం దుమ్ము, లేకపోతే ఎవరో పోసిన నూనె. తలుపు బందులకు పోసినట్టే ఇక్కడ కొబ్బరి నూనె పోస్తుంటారు. దుమ్ముతో కలిసి అది జిగటవుతుంది. పైగా కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లోనో అరకులోనో ఆ నాలుక కదలదు. కుట్టుమిషన్ నూనె కూడా తాళానికి వద్దు, గుండ్రటి పిన్నుకైతే ఒక చుక్క పర్లేదు. నాలుకల దగ్గర మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, మరకలు పోవడానికి కొద్దిగా స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి, పెన్సిల్ ముల్లు గీకిన గ్రాఫైట్ పొడి చిటికెడు వేస్తే సరిపోతుంది. నాలుకలు తేలికగా కిందికి పడుతున్నాయా అని పైపును చేతిలో నెమ్మదిగా తిప్పి చూసి బిగించండి.

గుడ్డ ఒక పక్కకు జరుగుతుంటే ముందు రసమట్టంతో బ్రాకెట్లు చూడండి. ఎటు జరుగుతోందో ఆ పక్క బ్రాకెట్ పల్లంలో ఉండి ఉండాలి, దాన్ని కొంచెం ఎత్తాలి. మట్టం సరిగ్గా ఉన్నా జరుగుతోందంటే గుడ్డను పైపుకు వంకరగా అంటించారు. బ్లైండ్ పూర్తిగా దించి, గుడ్డ ఎడమకు జరుగుతుంటే కుడి చివర పైపు మీద మూడంగుళాల పేపర్ టేపు ఒక చుట్టు వేయండి. టేపు వేసిన పక్క పైపు కాస్త లావవుతుంది, గుడ్డ అటు లాక్కోబడుతుంది. కుడికి జరుగుతుంటే టేపు ఎడమన. ఒక పొర వేసి చూసి, అవసరమైతేనే రెండోది. పట్టీని మూల పట్టుకుని గుంజే అలవాటు ఉన్నంతకాలం ఈ చికిత్స నిలవదు. పట్టీ మధ్యలో చిన్న పిడి బిగించుకుంటే చేయి అక్కడికే పోతుంది.

తుప్పు గురించి విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లు జాగ్రత్తపడాలి. సముద్రపు గాలి ముందు తినేది స్ప్రింగ్ కొక్కేన్నీ బ్రాకెట్ స్క్రూలనీ. జింక్ పూత ఉన్న స్ప్రింగ్, స్టెయిన్‌లెస్ స్క్రూలు అడిగి వేయించుకోండి. పైపు మీద తెల్లటి పొడిలా కనిపించేది అల్యూమినియం తుప్పు. పొడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది, భయం లేదు. పైపులోంచి ఎర్రటి పొడి రాలుతుంటే మాత్రం స్ప్రింగ్ యూనిట్ మార్చే టైమ్ వచ్చినట్టే.

డ్యాంపర్ రకం, గొలుసు రకం

డ్యాంపర్ అంటే చిక్కటి సిలికాన్ గ్రీజులో తిరిగే చిన్న రోటర్. పైపు వేగం పెంచుకోబోతే గ్రీజు అడ్డుపడుతుంది. బ్లైండ్ నిదానంగా లేచి చప్పుడు లేకుండా ఆగుతుంది. అంచు చీలదు, పట్టీ మూతలు పగలవు, స్ప్రింగ్ కొక్కెం మీద దెబ్బ పడదు. ఈ మూడు లాభాలూ ఆయుష్షు పెంచేవే. వేగంతో నడిచే పాత నాలుక తాళం దీనికి పనికిరాదు కాబట్టి ఇందులో తాళం వేరే ఉంటుంది: చిన్న గుంజుడుకు విడుదలయ్యేది. దీనితో ఒక ఇబ్బంది ఉంది. పైకి వెళ్తున్నప్పుడు తొందరపడి చేత్తో తోస్తే గుడ్డ వదులై వంకరగా చుట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ ఒకసారి చూపించి, గుంజి వదిలేయమని చెప్పాలి.

గొలుసు రకానికి బలం ఎక్కువ, బరువైన పెద్ద గుడ్డను సులువుగా ఎత్తుతుంది. మరీ బరువైతే అందులోనూ సాయానికి ఒక స్ప్రింగ్ వేస్తారు. అభ్యంతరం అల్లా ఆ వేలాడే ఉచ్చు. పాకే పిల్లలు, నడక నేర్చే పిల్లలు దాన్ని మెడకు తగిలించుకున్న ప్రమాదాలు ఎన్నో దేశాల్లో జరిగాయి. అమెరికాలో 2018 డిసెంబరు నుంచి రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్లు తాడు లేకుండానో, తాడు పిల్లలకు అందకుండానో ఉండాలన్న ప్రమాణం వచ్చింది. 2024 జూన్ నుంచి కొలత ఇచ్చి చేయించుకునే వాటికీ నియమాలు బిగిశాయి. అందుకే అక్కడున్న మనవాళ్లు స్టోర్‌కు వెళితే తాడు లేని రకమే ముందు కనబడుతుంది. మన దగ్గర ఇంకా షాపువాళ్లు గొలుసు రకమే చేతిలో పెడతారు. అది తీసుకోక తప్పని చోట, గొలుసును గోడకు బిగించి ఉంచే క్లిప్పు తప్పనిసరిగా వేయించండి. మంచం, సోఫా ఆ కిటికీ కింద ఉంచొద్దు.

ఎక్కడ వద్దు

వెడల్పు 5 అడుగులు దాటితే 32 మి.మీ. పైపు మధ్యలో కుంగుతుంది. ఆ కుంగుడు గుడ్డ మీద ఏటవాలు ముడతలుగా కనబడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. 38 మి.మీ. పైపు కొంత మేలు. కానీ పెద్ద బ్లైండ్‌కు బలమైన స్ప్రింగ్ కావాలి, బలమైన స్ప్రింగ్‌ను లాగడానికి చేతిలో సత్తువ కావాలి. పెద్ద వయసువాళ్లు వాడే గదికి ఇది న్యాయం కాదు. పెద్ద కిటికీని రెండు బ్లైండ్లుగా విడగొట్టించడం దీనికి చక్కటి దారి.

వంటింటి పొయ్యి పక్క కిటికీకి కూడా వద్దు. నూనె ఆవిరి తాళం లోపలికి వెళ్లి దుమ్మును పట్టేస్తుంది. పట్టీ పిడి అందనంత ఎత్తులో ఉండే వెంటిలేటర్లకు అసలే కుదరదు, గుంజడానికి చేయి అందాలి కదా. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట తేలికైన పట్టీ ఊగి గోడకు టపటపా కొట్టుకుంటుంది. అక్కడ బరువైన పట్టీ అడగాలి, దానికి తగ్గట్టు స్ప్రింగ్ కూడా.

కొనేటప్పుడు బిల్లు మీద నాలుగు వివరాలు రాయించుకోండి: పైపు వ్యాసం, గుడ్డ చదరపు మీటరు బరువు, ముందు బిగింపు ఎన్ని చుట్లు, చపటా పిన్ను ఏ పక్క. స్ప్రింగ్ యూనిట్ విడిగా అమ్ముతారా అని కూడా అడగండి. విడిగా అమ్మే షాపు దొరికితే, స్ప్రింగ్ తెగిన రోజున మొత్తం బ్లైండ్ మార్చాల్సిన పని ఉండదు. పాత యూనిట్‌ను లాగేసి, కొత్తది పైపులోకి తోసి, బిల్లు మీదున్న అన్ని చుట్లు తిప్పి గాడిలో పెడితే అరగంట పని.